తాబేలు గుడ్లకు రాత్రి కాపలా

పొదగడానికి కూర్చున్న కోడిపెట్టను మీరు ఎప్పుడైనా కాసేపు గమనించారా? ఉండి ఉండి లేస్తుంది. ముక్కుతో గుడ్లను అటూ ఇటూ దొర్లిస్తుంది. మళ్లీ రెక్కలు సర్దుకుని కూర్చుంటుంది. తోచక చేసే పని కాదది. గుడ్డు చాలాకాలం ఒకే వైపున ఉండిపోతే లోపలి పిండం పెంకు పొరకు అతుక్కుపోయి చచ్చిపోతుంది. అందుకే వేలకొద్దీ కోడిగుడ్లను పొదిగించే యంత్రాలలో కూడా గుడ్ల పళ్లేలను ఎప్పటికప్పుడు పక్కకు వంచే ఏర్పాటు ఉంటుంది.

ఇప్పుడు సముద్రపు తాబేలు గుడ్డు సంగతి చూడండి. దాన్ని తిప్పితేనే చచ్చిపోతుంది!

కారణం గుడ్డు నిర్మాణంలోనే ఉంది. కోడిగుడ్డు పగలగొట్టినప్పుడు పచ్చసొనకు రెండు వైపులా మెలితిరిగిన తెల్లని దారాల వంటివి కనిపిస్తాయి. అవి పచ్చసొనను నడిమధ్య వేలాడదీసి పట్టుకుంటాయి. గుడ్డు ఎటు దొర్లినా సొన లోపల తిరిగి, పిండం ఉన్న వైపు పైకి వస్తుంది. తాబేలు గుడ్డులో ఈ దారాలు లేవు. గుడ్డు పెట్టిన కొద్ది గంటల్లోనే పిండం సొన పైభాగానికి చేరి పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది. కోడిపిల్లకు ప్రాణాంతకమైన ఆ అతుకే తాబేలు పిల్లకు ఆధారం. ఆ తరువాత గుడ్డును తలక్రిందులు చేస్తే పిండం ఊడిపోతుంది, లేదా పైనుంచి సొన బరువు పడి నలిగిపోతుంది.

ఈ తేడా తెలియని మనిషి, మంచి మనసుతోనే, తెల్లవారాక ఒక తాబేలు గూడు చూశాడనుకోండి. కుక్కలు తింటాయేమోనని గుడ్లను బుట్టలో పోసుకుని మరోచోట పాతిపెట్టాడనుకోండి. కుక్కలు చేయబోయిన పని తానే చేసినవాడవుతాడు. మన తీరాల్లో తాబేళ్లను కాపాడుతున్న సంఘాలు చాలా ఉన్నాయి. విద్యార్థులు నడిపేవి, జాలరి యువకులు నడిపేవి, ఊరంతా కలిసి నడిపేవి. అవన్నీ ముందుగా నేర్చుకున్నది ఇటువంటి చిన్న చిన్న సంగతులనే.

మద్రాసు విద్యార్థుల నడక

బంగాళాఖాతం ఒడ్డుకు ఏటా వచ్చి గుడ్లు పెట్టే తాబేలు పేరు ఆలివ్ రిడ్లే. పెంకు పొడవు రెండడుగుల పైచిలుకు, బరువు దాదాపు 40 కిలోలు. రంగు బూడిదా, ముదురాకుపచ్చా కలిసినట్టుంటుంది. జీవితమంతా సముద్రంలోనే. ఆడ తాబేలు మాత్రం గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు రాక తప్పదు, ఎందుకంటే గుడ్డులోని పిల్లకు గాలి కావాలి. మన వైపు జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ కాలం.

రాత్రిపూట, అల తగ్గిన చోట, నెమ్మదిగా ఈడ్చుకుంటూ పైకి వస్తుంది. తడి తగలని ఇసుక చేరాక వెనక తెడ్లతో గుంట తీస్తుంది. ఆ తెడ్లు చేటల్లా వంగి, ఒకదాని తరువాత ఒకటి ఇసుకను ఎత్తిపోస్తాయి. గుంట మూరెడు లోతు, సుమారు 45 సెంటీమీటర్లు. మెడ సన్నగా, అడుగు వెడల్పుగా అచ్చం కూజాలాగే ఉంటుంది. అందులో నూరు, నూట ఇరవై దాకా గుడ్లు పెడుతుంది. గుడ్డు టేబుల్ టెన్నిస్ బంతి అంత ఉంటుంది. పెంకు గట్టిగా ఉండదు. తోలులా వంగుతుంది, కనుక ఒకదానిమీద ఒకటి పడినా పగలదు. తరువాత ఇసుక కప్పి, శరీరాన్ని అటూ ఇటూ ఊపుతూ పొట్టతో దబదబ కొట్టి చదును చేస్తుంది. నేలను దిమ్మిస కొట్టినట్టే! గంటలోపే అంతా ముగించి సముద్రంలోకి వెళ్లిపోతుంది. మళ్లీ ఆ గుడ్ల ముఖం చూడదు.

గూడు కప్పెట్టినా జాడ మిగిలిపోతుంది. ఇసుకమీద ట్రాక్టరు చక్రం పోయినట్టు వచ్చిన దారీ, పోయిన దారీ కనిపిస్తాయి. ఆ జాడ పట్టుకుని కుక్కలు వస్తాయి, పందులు వస్తాయి, నక్కలు వస్తాయి. వెనుకటి రోజుల్లో గుడ్లు తవ్వి అమ్ముకునే మనుషులూ వచ్చేవారు.

1970ల తొలి సంవత్సరాలలో మద్రాసు పాముల పార్కుకు చెందిన రాములస్ విటేకర్, ఆయన మిత్రులు రాత్రుళ్లు తీరం వెంట నడిచి ఈ గూళ్లు వెతకడం మొదలుపెట్టారు. వారిలో సతీష్ భాస్కర్ అనే యువకుడు తరువాత మన దేశపు తీరాలలో ఎక్కువ భాగం కాలినడకనే తిరిగి ఎక్కడెక్కడ తాబేళ్లు గుడ్లు పెడుతున్నాయో నమోదు చేశాడు. ఆయన కథ ఒకటి చెప్పకుండా ఉండలేను. 1982లో లక్షద్వీపాలలోని సుహేలీ అనే, మనుషులు లేని దీవిలో వానకాలమంతా ఒంటరిగా ఉండి తాబేళ్లను పరిశీలించాడు. ఆ కాలంలో పడవలు తిరగవు. ఉత్తరం పంపే దారి లేదు. భార్యకు ఉత్తరం రాసి సీసాలో పెట్టి, మూత బిగించి సముద్రంలో వదిలాడు. 24 రోజుల తరువాత అది శ్రీలంకలో ఒక జాలరికి దొరికింది. ఆ పుణ్యాత్ముడు దాన్ని ఆమెకు పోస్టులో పంపాడు! సముద్ర ప్రవాహాల గురించి మీ పాఠ్యపుస్తకంలో బాణం గుర్తులు చూసినప్పుడు ఈ సీసా గుర్తు తెచ్చుకోండి.

మద్రాసులో 1988లో విద్యార్థులే ఈ పనిని చేతుల్లోకి తీసుకున్నారు. స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ అని తమ బృందానికి పేరు పెట్టుకున్నారు. జీతాలు లేవు, వాహనాలు లేవు. గుడ్లు పెట్టే కాలమంతా రాత్రి పొద్దుపోయాక బయలుదేరి నీలాంకరై నుంచి బెసంట్ నగర్ దాకా సుమారు 7 కిలోమీటర్లు ఇసుకలో నడవడమే వారి పని. ఇసుకలో 7 కిలోమీటర్లంటే రోడ్డుమీద 7 కిలోమీటర్లు కాదని నడిచినవారికే తెలుస్తుంది. మూడున్నర దశాబ్దాలకు పైగా, ఒక తరం విద్యార్థులు చదువు ముగించి వెళ్లిపోతే మరో తరం వచ్చి చేరుతూ, ఆ పని సాగుతోంది.

నడిచేటప్పుడు టార్చిలైటు వేయరు. వెలుగు చూస్తే ఒడ్డెక్కుతున్న తాబేలు వెనక్కి తిరిగి వెళ్లిపోతుంది. పెద్దగా మాట్లాడరు. జాడ కనబడితే దాన్ని చదువుతారు. ఏ దారి రావడానిది, ఏ దారి పోవడానిది, మధ్యలో ఇసుక కెలికిన చోటు ఉందా, లేదా? కెలికిన చోటు లేకపోతే తాబేలు గుడ్లు పెట్టకుండానే మరలిపోయిందన్నమాట. ఉంటే సన్నని కర్రతో మెల్లగా గుచ్చి చూస్తారు. గట్టి ఇసుకలో కర్ర ఆగిపోతుంది. గూటి మెడ ఉన్న చోట ఇసుక వదులుగా ఉంటుంది కనుక సులువుగా దిగుతుంది. అప్పుడు చేతులతో తోడి, గుడ్లను ఒక్కొక్కటే పైకి తీసి, లెక్కపెట్టి, గుడ్డ సంచిలో ఉంచుతారు. గూడు ఎంత లోతో, ఎంత వెడల్పో కొలుస్తారు. అదే రాత్రి, పిండం పెంకుకు అతుక్కోకముందే, కంచె వేసిన పొదిగింపు స్థలానికి చేర్చి అదే కొలతల కూజా గుంటలో పెడతారు. పక్కన చీటీ గుచ్చుతారు: తేదీ, దొరికిన చోటు, గుడ్ల సంఖ్య.

వారాంతాల్లో ఊళ్లోని జనాన్ని కూడా వెంట తీసుకువెళతారు. ముందు కూర్చోబెట్టి తాబేలు జీవితమంతా చెప్పి, తరువాత నడిపిస్తారు. ఆఫీసు ఉద్యోగులు, అమ్మమ్మలు, మీ ఈడు పిల్లలు అందరూ వస్తారు. చాలా రాత్రుళ్లు ఒక్క తాబేలూ కనబడదు. అయినా జనం వస్తూనే ఉన్నారు.

45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. అరచేతిలో నాలుగైదు పట్టేంత పిల్లలు. ఒక్క పిల్ల మూరెడు ఇసుకను తోడుకుని రాలేదు. అన్నీ కలిసి కదులుతుంటే పై ఇసుక రాలి కిందికి చేరుతుంది, పిల్లలు మెట్టు మెట్టుగా పైకి లేస్తాయి. అడుగు వెడల్పు, మెడ సన్నం ఎందుకో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. పై పొర వేడిగా తగిలితే పగలని తెలిసి అక్కడే ఆగిపోతాయి. చల్లబడ్డాక గుంపుగా బయటికి వస్తాయి.

బయటికి వచ్చిన పిల్ల సముద్రం వైపే ఎలా పోతుంది? వెలుతురు ఎటు ఎక్కువగా ఉంటే అటు పోతుంది, అంతే. కోట్ల ఏళ్లుగా రాత్రిపూట తీరంలో వెలుతురున్న దిక్కు సముద్రమే. నక్షత్రాల కాంతి నీటిమీద మెరుస్తుంది, నేల వైపు చెట్లూ తిన్నెలూ చీకటిగా ఉంటాయి. ఇప్పుడు నేల వైపు వీధిదీపాలు, హోటళ్ల లైట్లు. పిల్లలు రోడ్డుమీదికి పాకిపోతాయి. అందుకే ఆ కాలంలో తీరంలోని పెద్ద దీపాలను రాత్రివేళ ఆర్పమని ఈ సంఘాలు మునిసిపాలిటీలను అడుగుతూ వస్తున్నాయి.

మగా, ఆడా? ఇసుక చెబుతుంది

మనిషిలో ఆడో మగో తేల్చేవి ఎక్స్, వై క్రోమోసోములని మీరు చదువుకున్నారు. తాబేలుకు అటువంటి క్రోమోసోములు లేవు. మరి ఎవరు తేలుస్తారు? ఇసుక వేడి! ఇది పరీక్షలో అడగరు గాని, జీవశాస్త్రంలో నాకు చాలా ఇష్టమైన సంగతులలో ఒకటి.

ఉష్ణోగ్రతను బట్టి పిల్ల ఆడో మగో కావడాన్ని మొట్టమొదట తొండ జాతిలో కనిపెట్టారు. ఆఫ్రికాలో సెనెగల్ దేశంలో పనిచేసిన మాదలేన్ షార్నియే అనే శాస్త్రజ్ఞురాలు 1966లో ఈ సంగతి ప్రకటించింది. తరువాత తాబేళ్లలోనూ అదే కనబడింది. ఆలివ్ రిడ్లే గుడ్లను సుమారు 29, 30 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య పొదిగిస్తే ఆడవీ మగవీ కలిసి పుడతాయి. రెండు మూడు డిగ్రీలు తగ్గితే అన్నీ మగవే. రెండు మూడు డిగ్రీలు పెరిగితే అన్నీ ఆడవే. పొదిగే కాలాన్ని మూడు భాగాలు చేస్తే మధ్య భాగంలో ఉన్న వేడే దీన్ని నిర్ణయిస్తుంది. మన ఒరిస్సా తాబేళ్ల గుడ్లపై ఉత్కళ విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రజ్ఞురాలు ప్రియంవదా మొహంతి హెజ్మాడి 1980లలో ఇటువంటి పరిశోధనలు చేశారు. ఆమె పేరు పొందిన ఒడిస్సీ నర్తకి కూడా.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఆ కాలంలో ఎన్నో దేశాలలో తాబేలు గుడ్లను థర్మకోల్ పెట్టెల్లో ఇసుక పోసి పొదిగించేవారు. శుభ్రంగా ఉంటుంది, చీమలు పట్టవు, పిల్లలు బాగానే బయటికి వస్తాయి. అందరూ సంతోషించారు. 1980లో మ్రోసోవ్‌స్కీ, యింటెమా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక ప్రశ్న వేశారు: ఆ పెట్టెల్లోని ఇసుక బయటి తీరం కన్నా చల్లగా ఉంటుంది కదా, అయితే పుట్టేవన్నీ మగపిల్లలేనా? అప్పుడే పుట్టిన తాబేలు పిల్లను పైకి చూసి ఆడో మగో చెప్పలేం. కనుక ఏళ్ల తరబడి వేలకొద్దీ పిల్లలను సముద్రంలో వదిలినా, గుడ్లు పెట్టడానికి తిరిగి వచ్చే ఆడవి వాటిలో ఎన్నో ఎవరికీ తెలియదు. దానితో చాలాచోట్ల పెట్టెలు పోయి, తీరపు ఇసుకలోనే గుంటలు తీసే పద్ధతి వచ్చింది.

ఇప్పుడు చిక్కు రెండో వైపు నుంచి వస్తోంది. భూమి వేడెక్కుతోంది, ఇసుకా వేడెక్కుతోంది. ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగపు తీరాలలో పుట్టిన పచ్చ తాబేళ్లను శాస్త్రజ్ఞులు పరీక్షించి, 2018లో ఫలితం ప్రకటించారు. పెరుగుతున్న పిల్లల్లో నూటికి 99 ఆడవే! కనుక మన దేశంలోనూ కొన్ని పొదిగింపు స్థలాలలో కొబ్బరాకులతోనో, గుడ్డతోనో నీడ కడుతున్నారు. ఎంత నీడ కట్టాలి? గుంటలో థర్మామీటరు పెట్టి చూసి కట్టాలి. ఎక్కువ కడితే మళ్లీ పాత చిక్కే.

ఈ కారణాలన్నిటివల్లా గుడ్లను మరోచోటికి మార్చడం చివరి ఉపాయమనే నా అభిప్రాయం. కుక్కలు, దీపాలు, మనుషులు లేని తీరమైతే తల్లి ఎంచిన చోటే మేలు. మద్రాసు వంటి నగరంలో మరో దారి లేదు గనుక మారుస్తారు.

ఒక లెక్క

బాగుంది, గుడ్లు దక్కాయి. తాబేళ్లు దక్కినట్టేనా? లెక్క వేసి చూద్దాం. వెయ్యి పిల్లలు సముద్రంలోకి వెళితే ఒక్కటి పెద్దదవుతుందని మోటుగా అంచనా. చేపలు, పీతలు, పక్షులు మిగిలినవాటిని తినేస్తాయి. ఒక సంఘం ఏడాదికి 100 గూళ్లు కాపాడిందనుకుందాం. గూటికి 100 చొప్పున 10,000 గుడ్లు. నూటికి 80 పొదిగితే 8,000 పిల్లలు. వాటిలో పెద్దవయ్యేవి 8. అదీ పది పదిహేనేళ్ల తరువాత.

2025లో మొదటి రెండు నెలల్లో చెన్నై, దాని పొరుగు జిల్లాల ఒడ్డుకు వెయ్యికి పైగా చచ్చిన ఆలివ్ రిడ్లేలు కొట్టుకొచ్చాయి. అన్నీ ఎదిగినవే అనుకుంటే, మనం అనుకున్న సంఘం వాటి లోటు తీర్చడానికి 125 ఏళ్లు రాత్రుళ్లు నడవాలి.

ఎందుకు చచ్చాయి? తాబేలుకు మొప్పలు లేవు. మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీల్చుకోవాలి. కదలకుండా పడుకుంటే చాలాసేపు నీటిలో ఉండగలదు గాని, వలలో చిక్కి గింజుకుంటే ప్రాణవాయువు త్వరగా ఖర్చయిపోతుంది. ట్రాలర్ మరబోటు సంచివంటి పెద్ద వలను నీటిలో గంటల తరబడి లాగుతుంది. అందులో పడ్డ తాబేలు మునిగి చస్తుంది. సముద్రపు జంతువు సముద్రంలో మునిగి చావడం వింతగా ఉంది కదూ!

దీనికి ఉపాయం లేకపోలేదు. వల మెడ దగ్గర ఏటవాలుగా ఒక ఊచల చట్రం అమరుస్తారు. రొయ్యలూ చేపలూ ఊచల మధ్యనుంచి జారి సంచిలోకి పోతాయి. తాబేలు ఊచలకు తగిలి, వాటి వెంట జారి, పైనున్న కంతలోంచి బయటపడుతుంది. కొచ్చిన్‌లోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకు తగినట్టు దీన్ని తయారు చేసింది. అయినా చాలామంది బోట్లవాళ్లు అమర్చరు. కంతలోంచి కొంత చేప కూడా పోతుందని వారి బాధ. నూనె ఖర్చు, కూలీ ఖర్చు చూసుకునేవాడికి అది చిన్న విషయం కాదు.

గుడ్లు పెట్టే తీరాలకు దగ్గరలో వేట నిషేధించే చట్టాలు కూడా ఉన్నాయి. ఒరిస్సాలో నవంబరు 1 నుంచి మే 31 దాకా అటువంటి నిషేధం అమలవుతుంది. కాని ట్రాలర్‌కూ, నాటుపడవకూ తేడా చూడకుండా నిషేధిస్తే, చిన్న వలతో ఏ పూటకాపూట బతికే జాలరి ఏడు నెలలు ఏం తినాలి? ఈ ప్రశ్నను దాటవేసిన సంఘాలు తీరంలో ఎక్కువకాలం నిలవలేదు. తాబేలును కాపాడగలిగినవాడూ, చంపగలిగినవాడూ ఆ జాలరే.

ఊరే కాపలాదారు

ఇచ్ఛాపురం దాటి ఉత్తరానికి పోతే గంజాం జిల్లా. అక్కడి జాలర్లలో చాలామంది ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. ఆ జిల్లాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట చాలా ఏళ్లలో కొన్ని రాత్రులు ఒక అద్భుతం జరుగుతుంది. వేలు, లక్షల తాబేళ్లు ఒక్కసారిగా ఒడ్డెక్కుతాయి. ఇసుక కనబడదు, పెంకులే కనబడతాయి. దీన్ని స్పానిష్ భాషలో అరిబాడా అంటారు, 'రాక' అని అర్థం. ఒరిస్సాలోనే గహీర్‌మఠ దగ్గర జరిగే రాక గురించి శాస్త్రలోకానికి 1974లో తెలిసింది. ఋషికుల్య సంగతి మాత్రం 1994లో బివాష్ పాండవ్ అనే పరిశోధకుడి ద్వారా తెలిసింది. 2023లో ఇక్కడ ఆరు లక్షలకు పైగా గూళ్లు లెక్కకు వచ్చాయి.

ఇక్కడ గుడ్లు మార్చే ప్రసక్తే లేదు. అన్ని గుడ్లను ఎవరు మార్చగలరు? నది ఒడ్డునున్న పురుణబంధ, గోఖరకుద, పొడంపేట గ్రామాల యువకులు సంఘంగా ఏర్పడి వేరే పని చేస్తారు. పిల్లలు బయటికి వచ్చే రోజుల్లో తీరం వెంట, నేల వైపున, పాత వలలను పొట్టి కంచెలా కడతారు. రోడ్డు దీపాల వైపు పాకిన పిల్లలు ఆ వల దగ్గర ఆగిపోతాయి. వాటిని బకెట్లలో ఎత్తి నీళ్ల దగ్గర వదులుతారు. ఒకప్పుడు చేపలు పట్టిన వలలే ఇప్పుడు తాబేలు పిల్లలను కాపాడుతున్నాయి. ఇంత చవకైన పరికరం ఏ ప్రయోగశాలలోనూ తయారు కాలేదు!

పడమటి తీరంలో మహారాష్ట్రలోని వేలాస్ ఊరి పద్ధతి మరొకటి. చిప్లూణ్‌లోని సహ్యాద్రి నిసర్గ మిత్ర అనే సంఘంవారు 2002లో సముద్రపు గద్దలను లెక్కించడానికి వెళ్లి, తవ్వేసిన తాబేలు గూళ్లు చూశారు. గుడ్లు తవ్వేవారితోనే మాట్లాడి వారినే కాపలాకు పెట్టారు. 2006 నుంచి పిల్లలను సముద్రంలోకి వదిలే కాలంలో ఉత్సవం జరుపుతున్నారు. చూడటానికి వచ్చినవారు ఊరివారి ఇళ్లలోనే బస చేసి, వారి వంటే తింటారు. ఆ డబ్బు ఊరికే. గుడ్డు అమ్మితే వచ్చేదానికన్నా, గుడ్డు పొదిగితే వచ్చేది ఎక్కువైంది.

ఈ రెండు తీరాలూ దేనికవే అనుకునేరు! 2021లో ఒరిస్సాలో తెడ్డుకు లోహపు చీటీ తగిలించి వదిలిన ఒక ఆడ తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ కనబడింది. మధ్యలో శ్రీలంకను చుట్టి వచ్చిందో, మరే దారిన వచ్చిందో దానికే తెలియాలి.

ఆ దారిలో మన తీరమూ ఉంది. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఆలివ్ రిడ్లేలు గుడ్లు పెడతాయి. కాకినాడ ఎదుటి హోప్ ఐలాండ్‌లోనూ, విశాఖపట్నం తీరంలోనూ గూళ్లు దొరుకుతాయి. చాలాచోట్ల అటవీశాఖవారు స్థానిక జాలర్లనే కాపలాగా పెట్టుకుని గుడ్లను పొదిగిస్తున్నారు. శ్రీకూర్మంలో కూర్మావతారానికి గుడి ఉన్న తీరం ఇది. వలలో పడ్డ తాబేలును దండం పెట్టి వదిలేసే పెద్దలు మన జాలరి ఊళ్లలో ఉన్నారు.

మన తీరంలో గమనించదగ్గ సంగతి మరొకటి ఉంది. 1977 నాటి దివిసీమ ఉప్పెన తరువాత గాలివానల నుంచి ఊళ్లను కాపాడటానికి తీరం వెంట సరుగుడు తోటలు విరివిగా వేశారు. ఊరికి అడ్డుగా, కాస్త వెనకగా ఉన్న తోట మంచిదే. కాని అలలకు మరీ దగ్గరగా నాటితే తాబేలు గుంట తీసే మెత్తటి ఇసుకలో వేళ్లు అల్లుకుపోతాయి, నీడ పడి ఇసుక చల్లబడుతుంది. ఇసుక చల్లబడితే ఏమవుతుందో మీరే చెప్పగలరు. 'చెట్లు నాటుదాం' అని బయలుదేరే పాఠశాల సంఘాలు ఎక్కడ నాటుతున్నామో ముందుగా చూసుకోవాలి.

మీరు చేయదగ్గ పని

తీరపు ఊళ్లలోని విద్యార్థులకు ముందుగా ఒక హెచ్చరిక. ఆలివ్ రిడ్లే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. అనుమతి లేకుండా గుడ్లను తాకడం నేరం. జాడ కనబడితే చెదరగొట్టకుండా అటవీశాఖవారికో, మీ ఊళ్లో కాపలా ఉన్నవారికో వెంటనే చెప్పండి. వారు రాత్రే రావాలి. ఎందుకో మొదట్లోనే చెప్పుకున్నాం.

అందరూ చేయదగ్గది ఇసుక వేడిని కొలవడం. ఖమ్మంలో ఉన్నా, కర్నూలులో ఉన్నా ఫరవాలేదు. ఏటి ఇసుకైనా, బడి ఆవరణలో ఎండ తగిలే ఇసుక నేలైనా చాలు. ప్రయోగశాల థర్మామీటరు గుండుకు కరిగిన కొవ్వొత్తి మైనం దళసరిగా పూయండి. ఇలా చేస్తే పైకి తీసి చదివేలోగా అంకె మారదు. 45 సెంటీమీటర్ల లోతు సన్నని గుంట తీసి, ప్లాస్టిక్ గొట్టం నిలబెట్టి, చుట్టూ ఇసుక పూడ్చండి. దారం కట్టిన థర్మామీటరును గొట్టంలోకి దించి, పైన గుడ్డ కుక్కి అరగంట ఆగండి. ఉదయం 6కు, మధ్యాహ్నం 2కు, రాత్రి 8కి చదవండి. అదే సమయాల్లో పై ఇసుక వేడి కూడా రాసుకోండి. పైన అంకె ఎంత గెంతులు వేస్తుందో, అడుగున ఎంత నిలకడగా ఉంటుందో చూసి, తాబేలు మూరెడు లోతే ఎందుకు తవ్వుతుందో ఆలోచించండి. ఇలా ఫిబ్రవరి మొదటి వారం నుంచి ఏప్రిల్ చివరి దాకా వారానికొక రోజు కొలిచి గ్రాఫు కాగితంమీద గీయండి. 29 డిగ్రీల దగ్గర ఒక ఎర్రగీత అడ్డంగా గీసి, మీ గీత దాన్ని ఏ వారంలో దాటిందో గుర్తు పెట్టండి. పక్కనే చెట్టు నీడలో రెండో గొట్టం పాతితే ఇంకా మంచిది.